గుణవృక్షకమూ, లంగాబొందూ

తెలుగు పండితుడికి తెరచాప పడవతో ఏమి పని అని అడగకండి. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున మా అబ్బాయికి ఒక పాత పడవ ఉన్నది. 2024 వేసవిలో అక్కడ మూడు నెలలున్నాము.

అమరకోశంలో తెరచాప స్తంభానికి కూపకమనీ, గుణవృక్షకమనీ పేర్లున్నాయి. గుణమంటే త్రాడు కదా, త్రాళ్ళ చెట్టన్నమాట. 34 సంవత్సరాలు పాఠం చెప్పిన మాటను పడవమీద కళ్ళారా చూశాను. ఆ స్తంభానికి అడ్డంగా, తెరచాప అడుగు అంచు వెంబడి ఉండే అల్యూమినియం దూలాన్ని బూమ్ అంటారు. లోపల బోలు. దాని కడుపులోనుంచి మూడు త్రాళ్ళు పోవాలి. ఒకటి తెరచాప అడుగుమూలను వెనుకకు లాగి బిగించేది. తక్కిన రెండూ గాలి పెరిగేకొద్దీ తెరచాపను దించి కురచచేయడానికి. వేసవి మధ్యాహ్నాలలో పడమటిగాలి గోల్డెన్ గేట్ సందులోనుంచి దూసుకువస్తుంది. అప్పుడు ఆ త్రాడు తెగిందా, తెరచాప అదుపు తప్పి పడవ ఒరిగిపోతుంది. ఉన్న త్రాళ్ళు చూస్తే పైనేత చిరిగి పీచులు లేచి ఉన్నాయి. ఆరేళ్ళ మనుమరాలు ఎక్కే పడవ!

మావాడు పాతత్రాటిని సర్రున లాగిపారేయబోయాడు. మా ఆవిడ వారించింది.

"ఆగరా! పాతబొందు కొసకు కొత్తది కుట్టకుండా ఎవరైనా లంగాబొందు లాగుతారా?"

ముడివేస్తే బూమ్ కొసనున్న కప్పీలో ఇరుక్కుంటుంది. అందుచేత రెండు కొసలనూ ఎదురెదురుగా ఆనించి, మైనపుదారంతో అటూ ఇటూ కుట్టి, పైన పలుచని టేపు చుట్టింది. నేను కొత్తది అందిస్తుంటే వాడు అవతలినుంచి పాతది మెల్లగా లాగాడు. కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకుపోయిందంటాము గాని, ఇక్కడ పాతదే కొత్తదాని చేయిపట్టి తీసుకువచ్చింది. రెండు త్రాళ్ళు అలా గడియలో అయిపోయాయి.

మూడవదానితోనే వచ్చింది చిక్కు. గాలి మరీ ముదిరినప్పుడు పనికివచ్చేది అదే. పడవ అమ్మినాయన దానిని ఎన్నడో పీకివేశాడు. వెంటపెట్టుకువచ్చే పాతత్రాడే లేదు. బూమ్‌ను స్తంభంనుంచి విడదీసి, రేవు పలకలమీద ఏటవాలుగా నిలబెట్టి, చిన్న సీసపుగుండు కట్టిన సన్నదారాన్ని పైకొసనుంచి జారవిడిచాము. గుండు క్రిందికి దిగింది. కాని దారం లాగితే ముందు ఎక్కించిన త్రాడు కూడా కదిలింది, లోపల పెనవేసుకున్నదన్నమాట. పైకి తీసి మళ్ళీ వదిలాము. అదే వరస. మూడవమారు ఆ రెండు త్రాళ్ళనూ బిగలాగి ఒకవైపుకు ఒత్తిపట్టుకున్నాను. ఈసారి దారం ఒంటరిగా దిగింది. దాని కొసకు త్రాడు కుట్టి లాగి, ఒక్కొక్కటే ఆడించి చూశాము. ఒకటి కదిలితే తక్కిన రెండూ నిశ్చలం.

శనివారం నాలుగు గంటలకు గాలి ముదిరింది. మావాడు ఆ మూడవత్రాడే లాగాడు. గరగరమనకుండా వచ్చింది. తెరచాప కురచయై పడవ నిలువుకు తేరుకున్నది. మనుమరాలు జంతిక తింటూనే ఉన్నది.

మిగిలిన మైనపుదారం ఉండను మా ఆవిడ ఇంటికి తెచ్చుకున్నది. ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికి అంత గట్టిదారం మన బజారులో దొరకదట.