కప్పు గెలిస్తే కప్పులిచ్చారు

1989 జులై 2. ఓస్నాబ్రూక్‌ స్టేడియంలో 22 వేల మంది చూస్తుండగా పశ్చిమ జర్మనీ అమ్మాయిలు నార్వేను 4-1తో ఓడించి యూరో కప్పు గెలిచారు. మహిళల జట్టుకు అదే మొదటి పెద్ద టైటిల్. బహుమతిగా వాళ్ల ఫుట్‌బాల్ సమాఖ్య ఏమిచ్చిందో తెలుసా? ఒక్కొక్కరికి ఒక కాఫీ సెట్! పువ్వుల డిజైన్ ఉన్న పింగాణీ కప్పులు, సాసర్లు. మన ముగ్గుల పోటీల్లో స్టీలు గిన్నె ఇస్తారు చూడండి, అలా.

ఫోన్లో ఈ సంగతి జోకులా తిరుగుతుంటుంది. నాకు మాత్రం ఇది చదివిన ప్రతిసారీ ఆ జట్టులో 20 ఏళ్ల డిఫెండర్ ఒకమ్మాయి గుర్తొస్తుంది. పేరు డోరిస్ ఫిట్షెన్.

ఆవిడ 1968లో పుట్టేటప్పటికి అక్కడ ఆడవాళ్ల ఫుట్‌బాల్‌పై నిషేధం ఉంది. క్లబ్బులు ఆడవాళ్లకు టీమ్ పెట్టకూడదు, గ్రౌండ్ ఇవ్వకూడదు అని 1955లో అదే సమాఖ్య తీర్మానించింది. బంతి వెంట పరిగెడితే స్త్రీ సౌకుమార్యం పోతుందట. 1970లో నిషేధం ఎత్తేశారు గానీ, మహిళల జాతీయ జట్టు మొదటి మ్యాచ్ ఆడింది 1982లో. నాలుగేళ్లకు, 1986లో, ఫిట్షెన్ ఆ జట్టులోకి వచ్చింది. 2001 దాకా ఆడింది. 144 మ్యాచ్‌లు, 16 గోల్స్.

16 అంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఆవిడ పని గోల్స్ కొట్టడం కాదు. ఆవిడ లిబెరో. అంటే మిగతా డిఫెండర్ల వెనక ఉండి, వాళ్లని దాటి వచ్చిన బంతిని ఆపే మనిషి. సరిగ్గా ఆపితే ఏమీ జరగదు. ఏమీ జరగనిదాన్ని రీల్‌లో ఎవరు పెడతారు? 1989 ఫైనల్ క్లిప్‌ల కోసం నేను వెతికితే నాలుగు గోల్సూ దొరికాయి. ఫిట్షెన్ ఎక్కడుందా అని పాజ్ చేసి చేసి చూడాల్సొచ్చింది.

నాకు బాగా నచ్చింది 2001 యూరో. ఐదు మ్యాచ్‌ల్లో జర్మనీ ఇచ్చింది ఒకే ఒక్క గోల్. స్వీడన్‌తో ఫైనల్ 90 నిమిషాల్లో తేలలేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో క్లాడియా ముల్లర్ గోల్డెన్ గోల్ కొట్టింది, 1-0. పేపర్లకు ఫొటో ముల్లర్‌ది. ఫిట్షెన్‌కది నాలుగో యూరో టైటిల్: 1989, 1991, 1997, 2001. మధ్యలో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం కూడా ఉంది. అదే ఏడాది అమెరికాలో కొత్తగా మొదలైన ప్రొఫెషనల్ లీగ్‌లో ఫిలడెల్ఫియా ఛార్జ్ తరఫునా ఆడింది. అప్పటికి ఆవిడకి 32. ఆడినందుకు సరైన జీతం ఇచ్చే లీగ్ అంత ఆలస్యంగా వచ్చింది మరి.

ఇప్పుడు లెక్క చూడండి. 1990లో వరల్డ్ కప్ గెలిచిన జర్మనీ మగ జట్టులో ఒక్కో ఆటగాడికి 1,25,000 మార్కులు. వరల్డ్ కప్పూ యూరో ఒకటి కావు, నిజమే. అయినా ఒకవైపు లక్షలు, ఇంకోవైపు సాసర్లు!

నాకు ఆశ్చర్యంగా ఉండేది ఏంటంటే, ఫిట్షెన్ ఆ సమాఖ్యలోకే వెళ్లి పనిచేసింది. 2009లో మహిళల జాతీయ జట్టుకి మొట్టమొదటి మేనేజర్ అయింది. ప్రయాణాలు, ఏర్పాట్లు చూసే పని, అంటే మళ్లీ కెమెరాకి దొరకని పనే. నేనైతే ఆ కప్పులు మొహాన కొట్టి వచ్చేసేదాన్నేమో.

2022 యూరోకి ముందు అదే సమాఖ్య, గెలిస్తే ఒక్కో అమ్మాయికి 60,000 యూరోలు అని ప్రకటించింది. ఫైనల్లో ఇంగ్లాండ్ చేతిలో 2-1తో ఓడారు, అది వేరే సంగతి.

ఫిట్షెన్ 2025 మార్చిలో చనిపోయింది. 56 ఏళ్లే.