మూడు కొమ్మలు – మూడు పళ్ళు

ఒకే చెట్టుకు ఒక కొమ్మన నిమ్మకాయలు, ఒక కొమ్మన బత్తాయిలు, ఒక కొమ్మన నారింజలు కాస్తాయంటే, ఇదేదో రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి తెచ్చిన చెట్టు కాబోలు అనుకుంటారు. కాని అటువంటి చెట్టును ఎవరైనా తమ పెరట్లో పెంచుకోవచ్చు. ఇందుకు మంత్రాలు అక్కర్లేదు. పదునైన చాకూ, ఒక ప్లాస్టిక్ పట్టీ, కొన్నేళ్ళ ఓపికా ఉంటే చాలు.

ఉత్తరప్రదేశ్‌లో మలీహాబాదు అనే ఊరున్నది. ఆ ఊళ్ళో కలీముల్లా ఖాన్ గారు ఒకే చెట్టుకు 300 రకాల మామిడి అంట్లు కట్టి దేశమంతటా పేరు పొందారు. 2008లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అయితే ఒక సంగతి గమనించండి. ఆయన మామిడికి మామిడినే కట్టారు గాని, బత్తాయిని కట్టలేదు. కట్టినా అతకదు. అంటు అతకాలంటే రెండు చెట్లూ దగ్గర చుట్టాలై ఉండాలి.

నిమ్మజాతిలో ఈ చుట్టరికం మహా దగ్గరిది. శాస్త్రజ్ఞులు ఈ జాతి చెట్ల జన్యువులను పోల్చి చూసి, 2018లో ఆ వంశవృక్షాన్ని ప్రకటించారు. ఈ జాతి హిమాలయాలకు ఆగ్నేయంగా ఉన్న కొండల దాపున పుట్టిందట. ఈ ఇంటికి ముఖ్యమైన పెద్దలు ముగ్గురు: మాదీఫలం, పంపర పనస, కమలా. బత్తాయీ, నారింజా పంపర పనసకూ కమలాకూ కలిగిన సంతానం. మన నిమ్మకు ఒక పక్క మాదీఫలం చుట్టరికం ఉన్నది. అంచేత ఒకదాని కొమ్మ మరొకదాని ఒంటికి అతుకుతుంది.

నిజాంపట్నంలో మా చెల్లెలి ఇంటి వెనక పెరడు ఉన్నది గాని, అందులో ఒక్క చెట్టుకే చోటు. మా బావ సముద్రం మీద వేటకు వెళతాడు. వలలు ఆరెయ్యటానికే సగం పెరడు పోతుంది. ఆ ఒక్క చోటులో ఉన్న పాత నిమ్మచెట్టు రెండు ఎండాకాలాల్లో చచ్చిపోయింది. ముందు ఆకుల కొసలు మాడాయి, తరవాత ఆకులు రాలాయి, ఆ పైన కొమ్మలు ఎండాయి. మా మేనల్లుడి నాయనమ్మకు మళ్ళీ నిమ్మే కావాలి. ఊరగాయ లేనిదే ఆవిడకు అన్నం సయించదు. వాడి అక్కకు బత్తాయి కావాలి. వాడికేమో కమలా కావాలి.

"మామయ్యా, మూడు పళ్ళ చెట్టు కొందాం. నా డబ్బాలో డబ్బులున్నాయి," అన్నాడు వాడు.

"ముందు నీళ్ళు రుచి చూడు," అన్నాను.

వాడు బోరు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. పక్కింటి దిగుడు బావి నీళ్ళు మాత్రం తాగాడు. రెండూ ఒకే నేలలోవి గదా, ఇంత తేడా ఎందుకు? మంచినీటి కన్న ఉప్పునీరు బరువు. సముద్రపు ఒడ్డున ఇసక నేలలో, ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లోతు తక్కువ బావిలో ఆ పైనీరే ఊరుతుంది. బోరు మరీ లోతుగా దించి గబగబా తోడితే, అడుగున ఉన్న ఉప్పు పైకి వస్తుంది. కొబ్బరిచెట్టు కొంత ఉప్పును సహిస్తుంది. నిమ్మజాతి సహించలేదు. పాత చెట్టును చంపినది ఎండ కాదు, ఎండలో పోసిన బోరు నీళ్ళు.

అంచేత మొదట ఎంచుకోవలసినది పండును కాదు, వేరును. అంటుచెట్టులో రెండు భాగాలుంటాయి. కింద వేరు ఒక చెట్టుది, పైన కొమ్మ మరొక చెట్టుది. ఏ పండు కాయాలో కొమ్మ నిర్ణయిస్తుంది. చెట్టు బతకాలా వద్దా అన్నది చాలావరకు వేరు నిర్ణయిస్తుంది. బ్రెజిల్ దేశంలో బత్తాయి తోటలను పుల్ల నారింజ వేరు మీద కట్టేవారు. 1930ల చివర ట్రిస్టిజా అనే తెగులు వచ్చింది. ఆ వేరు మీద ఉన్న చెట్లు లక్షల కొద్దీ చచ్చిపోయాయి. తరవాత వాళ్ళు రంగపూర్ నిమ్మ వేరు మీద అంట్లు కట్టి తోటలను మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఈ రంగపూర్ నిమ్మ కమలాకూ మాదీఫలానికీ పుట్టిన బిడ్డ. పేరుకు నిమ్మ గాని కాయ నారింజరంగులో ఉంటుంది. నోట పెడితే పులుపు. దాని వేళ్ళు ఉప్పులోని క్లోరైడును ఆకులదాకా పోకుండా చాలావరకు ఆపగలవు. మాకు కావలసినది ఆ వేరే.

ఇక పళ్ళ సంగతి. తెనాలిలో నిమ్మకాయలకు పెద్ద మార్కెట్టే ఉన్నది గనక, మా వైపు నిమ్మ పండుతుందా అని అనుమానించనక్కర్లేదు. బత్తాయి కూడా బతుకుతుంది. కమలా మాత్రం చల్లటి రాత్రులుంటేనే చక్కగా రంగు తిరుగుతుంది. అందుకే కూర్గు కొండల్లోనూ, డార్జిలింగులోనూ దానికి పేరు. "పోనీ, మన గుంటూరు నారింజ పెట్టుకో," అన్నాను మావాడితో. దీన్నే కిచ్చిలి అని కూడా అంటారు. జపాను శాస్త్రవేత్త టనాకా దీనికి "సిట్రస్ మదరాస్పటానా" అని చెన్నపట్నం పేరు కలిసేటట్టు పేరు పెట్టాడు. మన పాత జిల్లా పేరుగల పండు అనేసరికి వాడు ఒప్పుకున్నాడు.

నీరు నిలవకుండా మట్టి ఎత్తుగా పోసి రంగపూర్ మొక్కను నాటాం. మరుసటి ఏటికి దానికి పెన్సిలు లావున మూడు కొమ్మలు వచ్చాయి. బెరడు తేలిగ్గా ఊడివచ్చే అదను చూసి, ఒక్కొక్క కొమ్మ మీద చాకుతో ఒక నిలువు గాటు, దాని పైన ఒక అడ్డగాటు పెట్టాం. తెగులు లేని చెట్ల నుంచి అంగుళం పొడుగు బెరడుతో సహా కన్నును కోసి, ఆ గాట్లలోకి దోపాం. కన్ను మాత్రం బయటికి కనిపించేటట్టు ప్లాస్టిక్ పట్టీ చుట్టాం. బెరడుకూ కొయ్యకూ మధ్య కేంబియం అనే పల్చని పొర ఉంటుంది. ఆ పొరలు రెండూ కలిస్తేనే అతుకు పడుతుంది. కన్ను తెచ్చే చెట్టుకు జబ్బుంటే అది ఈ చెట్టంతటికీ పాకుతుంది. మూడు పళ్ళూ ఒకేసారి పోతాయి.

కన్ను కింద ఆకుకాడ తుంచిన ముక్క కొద్దిగా ఉంచుతాం. మూడు వారాలయాక దాన్ని వేలితో తాకాలి. ఇట్టే రాలిపోతే అంటు అతికినట్టు. ఎండి కరుచుకుని ఉంటే అతకనట్టు. నిమ్మా, బత్తాయీ రాలాయి. నారింజ కరుచుకుపోయింది. దాన్ని మళ్ళీ కట్టవలసి వచ్చింది.

అసలు చిక్కు తరవాత వచ్చింది. అతుకుల కింద మొదట్లోంచి ఒక కొమ్మ లేచి, నెలలో రెండడుగులు పెరిగింది. చెట్టు మొత్తం మీద అంత పచ్చటి కొమ్మ మరొకటి లేదు. దాన్ని కొయ్యమన్నాను.

"అంత పచ్చటిదాన్ని కొయ్యటానికి చేతులెలా వస్తాయి, నాయనా? మొన్ననేగా ఒక చెట్టు పోయింది," అన్నది మా అత్తయ్య. మేనల్లుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నేను వాణ్ణి కూచోబెట్టి, ఆ కొమ్మ ఎక్కడ పుట్టిందో వేలితో తడిమి చూడమన్నాను. అది అతుకుకు కింద పుట్టింది. అంటే అది రంగపూర్ కొమ్మ. వేరుకు తన కొమ్మ మీదే మక్కువ. ఊరుకుంటే తిండంతా దానికే పోతుంది. రెండేళ్ళలో నిమ్మా, బత్తాయీ, నారింజా ఎండిపోయి పుల్ల కాయల ముళ్ళచెట్టు ఒకటి మిగులుతుంది. మూడు పళ్ళ చెట్టని సంబరంగా కొనుక్కున్నవాళ్ళలో చాలామందికి చివరకు దక్కేది అదే. వాడు కాసేపు ఆలోచించి, చాకు తానే అడిగి పుచ్చుకుని, కొమ్మను మొదలంటా కోసేశాడు.

ఆ తరవాత వాడికి పని తెలిసివచ్చింది. నిమ్మ జోరుగా పెరిగి బత్తాయికి ఎండ తగలనివ్వకపోతే, నిమ్మనే కత్తిరిస్తాడు. బావి నీళ్ళే పోస్తాడు. వాననీళ్ళు చూరు నుంచి పాదులోకి పోయేటట్టు కాలవ తీశాడు. అంటు కట్టిన మూడో ఏట వాళ్ళ నాయనమ్మ జాడీడు నిమ్మకాయ పెట్టింది. అక్కకు నాలుగు బత్తాయిలు దక్కాయి. నారింజ ఆలస్యంగా అతికింది గనక ఈ ఏడు పూత మాత్రమే చూపించింది.

మీరు కూడా ఈ పని మొదలుపెట్టవచ్చు. ముందు మీ పెరటి నీళ్ళు రుచి చూడండి. తరవాత ఒక కుండీలో నాలుగు నిమ్మగింజలు నాటండి. కొన్ని గింజల నుంచి రెండేసి, మూడేసి మొలకలు రావటం చూస్తారు. వాటిలో చాలావరకు అచ్చం తల్లి చెట్టు లాంటివే. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి రాసుకోండి. మొక్క పెన్సిలు లావయేలోగా, దానికి ఏ కన్ను కట్టాలో ఇంట్లో అందరినీ అడిగి తేల్చుకోవచ్చు.