దారిచ్చే చోట...

ఆగస్టు చివర్లో నేనూ మావారూ ఉత్తర స్కాట్లాండ్‌ తీరమంతా కారులో తిరిగాం. ఇన్వర్నెస్‌లో మొదలై మళ్లీ అక్కడికే చేరే ఈ ‘నార్త్‌ కోస్ట్‌ 500’ దారి 516 మైళ్లు... దాదాపు 830 కిలోమీటర్లు. మనలాగే ఎడమవైపు నడపాలి. కొండల నిండా ఊదారంగు హెదర్‌ పూలు!

చాలాచోట్ల ఒక్క కారే పట్టే రోడ్డు. ఎదురుగా బండి వస్తే దగ్గర్లోని ‘పాసింగ్‌ ప్లేస్‌’లో ఆగి దారివ్వాలి. 626 మీటర్ల ఎత్తున్న బ్యాలఖ్‌ నా బా కనుమ మీద మేమూ అలాగే ఆగాం.

మూడునెలలుగా ఇంట్లో ఒకటే వాదన. ఆయనకు దుబాయ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇద్దరం వెళ్లాలంటే నేను నాది మానాలి. ఎదుటి వ్యాన్‌ మెల్లగా పైకి వస్తుంటే ఆయనే అన్నారు... ‘ముందు నేనొక్కణ్నే వెళ్తా. ఏడాది చూద్దాం. నువ్వు ఉద్యోగం మానకు.’

ఆ ఏడాది ఎలా గడుస్తుందో తెలీదు. వ్యాన్‌లోంచి ఎవరో చెయ్యి ఊపారు. మేమిద్దరమూ ఊపాం.