ఇంద్రుడు కూసిన కూత

బాంకాకులో నాకు మొట్టమొదట దర్శనమిచ్చిన దేవుడు చెత్తలారీ మీద ఉన్నాడు.

ఉద్యోగరీత్యా ఆ ఊళ్ళో దిగిన మొదటి వారం. తెల్లవారుజామున నిద్రపట్టక వీధిలోకి వస్తే, నగరపాలక సంస్థ వారి లారీ ఒకటి నెమ్మదిగా కదులుతోంది. దాని పక్కన గుండ్రని ఆకుపచ్చ ముద్ర. మబ్బుల నడుమ ఏనుగు, ఏనుగు మీద కిరీటధారి, చేతిలో మెరుపుల ఆయుధం. ఇంకెవరు, మన ఇంద్రుడే! స్వర్గాధిపతికి ఎంత గతి పట్టిందో అని నవ్వుకున్నాను. ఆ నవ్వులో కొంచెం గర్వమూ ఉంది, దాచుకోవడమెందుకు. పరాయి దేశంలో తెలిసిన ముఖం కనబడితే కలిగే గర్వం.

బాంకాకు పూర్తి పేరు చాంతాడంత. ఇంద్రుడు ప్రసాదించగా విశ్వకర్మ నిర్మించిన నగరమన్న మాట ఆ పేరులోనే ఉంది. అంచేత నగరం ముద్రలో ఆయన ఉండడంలో వింతేమీ లేదు. వింతంతా ఆయన మా కార్యాలయం గోడమీద మళ్ళీ మళ్ళీ ఎదురవడంలోనే ఉంది.

ఆ గోడమీద థాయిలాండు పటమొకటి వేలాడుతుండేది. బాంకాకు కాక మిగిలిన 76 రాష్ట్రాలకూ (రాష్ట్రమన్నానే గాని, మన జిల్లాలాంటివి) ఒక్కొక్కదానికీ ఒక్కొక్క ముద్ర. 1939లో సయాం పేరు మార్చి థాయిలాండు అన్నారు కదా, ఆ మరుసటి యేడు ఫిబూన్ సొంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం ప్రతి రాష్ట్రానికీ ఒక చిహ్నం ఉండాలని సంకల్పించింది. లలితకళల శాఖ వారు కూర్చుని గీశారు. ఆ తర్వాత పుట్టిన రాష్ట్రాలకు తర్వాత గీశారు. అన్నిటికన్నా చిన్నది 2011లో ఏర్పడిన బుంగ్ కాన్.

భోజనవిరామంలో ఆ పటం ముందు నిలబడి పేర్లు విప్పడం నాకొక ఆటగా మారింది. ఉబోన్ రాచథానీ అంటే ఉత్పల రాజధాని. ముద్రలో కొలను, తామర. నఖోన్ సవన్ అంటే స్వర్గనగరం, ముద్రలో దివ్యవిమానం. సురిన్ అంటే సుర, ఇంద్ర. ముద్రలో ఖ్మేర్ల రాతిగుడి ముందు ఐరావతం మీద మళ్ళీ ఆయనే. ఉడోన్ థానీలో 'ఉడోన్' మన ఉత్తరమే. ముద్రలో గద పట్టుకున్న యక్షుడు వెస్సవన్, అనగా వైశ్రవణుడు. ఉత్తరదిక్కుకు కుబేరుణ్ణి కాపలా పెట్టారన్నమాట! ఇది విప్పిననాడు నేను భోజనం కూడా మరిచాను.

అన్ని ముద్రలూ ఇలా ఉండవు లెండి. కుండలకు పేరుబడ్డ నొంతబురి వారిది మట్టికుండ. సముద్రతీరాన ఉన్న సముత్ సాఖోన్ ముద్రలో చీనా ఓడతో పాటు ఫ్యాక్టరీ పొగగొట్టం ఉంది. పొగగొట్టాన్ని గర్వంగా ముద్రలో వేసుకునే కాలమొకటి ఉండేదని నాకు సరదా వేసింది. కానీ ఇవేవీ నా ఆటలోకి రావు. నేను ఏరుకునేవి మనవి మాత్రమే. ఏరుకుని, పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడకు వినిపించేవాణ్ణి. వయసులో పెద్ద కనుక ఆవిడను అందరిలాగే నేనూ 'పీ' అని పిలిచేవాణ్ణి; వాళ్ళ భాషలో అక్క అన్నా అన్న అన్నా అదే మాట.

"ఇది కూడా మాదే, పీ" అనేవాణ్ణి.

ఆవిడ చిరునవ్వు నవ్వి ఊరుకునేది. ఒకనాడు మాత్రం ఇలా అంది. "పేర్లు మీవి, సరే. మా ఊరి కోడి కూడా మీదేనేమో వచ్చి చెప్పు."

ఆవిడది ఉత్తరాన ఉన్న లంపాంగ్. దాని ముద్రలో, గుడి వాకిలిలో, ఒక తెల్లకోడి నిలబడి ఉంటుంది. ఆ ఊరి పాతపేరు కుక్కుట నగరం. సెలవులకు వాళ్ళింటికి వెళ్ళాను. వంతెన స్తంభం మీద తెల్లకోడి, ఇంట్లో అన్నం గిన్నె మీద కోడి (ఇది వేరే కోడి, చైనా నుంచి వచ్చిన కుమ్మరుల చలవ). రాత్రి భోజనాలయ్యాక పీ తల్లి చెప్పింది, ఆ కోడి ఇంద్రుడని.

నేను ఎగిరి గంతేశాను. "తెలుసు, ఆ కథ నాకు తెలుసు!" అని వాళ్ళ నోటి మాట లాక్కుని మొదలుపెట్టాను. గౌతముని ఆశ్రమం, అర్ధరాత్రి, ఇంద్రుడు కోడై కూయడం, తెల్లవారిందనుకుని ముని నదికి వెళ్ళడం, అహల్య, శాపం. వాల్మీకంలో కోడి లేదు గాని మా అమ్మమ్మ చెప్పిన కథలో ఉంది, నాటకాల్లో ఉంది, నాకదే రామాయణం. పీ ముక్కముక్కగా తర్జుమా చేస్తోంది. చేస్తూ చేస్తూ ఒకచోట ఆగిపోయింది. ఆ ముసలావిడ ముఖం చూస్తే అర్థమైంది. ఆ ఇంటికి అతిథిగా వచ్చి, ఆ ఇంటివారు చేతులెత్తి మొక్కే మనిషి గురించి నేను ఏదో కూడని మాట అన్నాను.

చాలాసేపటికి ఆవిడే తన కథ చెప్పింది. బుద్ధుడు ఆ ఊరికి వచ్చాడట. తెల్లవారుతోంది, భిక్షకు బయలుదేరే వేళ. ఊరు ఊరంతా నిద్రపోతోంది. వీళ్ళు లేవకపోతే భిక్ష వేసే పుణ్యం పోగొట్టుకుంటారే అని ఇంద్రునికి బెంగ పట్టుకుంది. తెల్లకోడిగా మారి కూశాడు. జనం లేచారు. అంతే కథ.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అదే ఇంద్రుడు, అదే కోడి, అదే వేకువ. ఇంటి ముందుకు వచ్చేవాడు గౌతముడే, కాకపోతే ఆ గౌతముడు వేరు. మా అమ్మమ్మ ఇంద్రుడు ఒకణ్ణి మోసపుచ్చి బయటికి పంపడానికి కూశాడు. ఈ అమ్మ ఇంద్రుడు అందరినీ లేపి అన్నం పెట్టించడానికి కూశాడు. ఎవరైనా తపస్సు చేస్తే మన ఇంద్రుని సింహాసనం కదులుతుంది, ఆయన అప్సరసల్ని పంపుతాడు. బౌద్ధుల కథల్లో, లోకంలో ఎవరైనా మంచివాడు ఆపదలో పడితే శక్రుని ఆసనం వేడెక్కుతుంది, ఆయన తానే దిగి వస్తాడు. చంతబురి, అంటే చంద్రపురి, ముద్రలో చంద్రుడిలో కుందేలు ఉంటుంది. అతిథికోసం నిప్పుల్లోకి దూకిన ఆ కుందేలు బొమ్మను చంద్రుని మీద గీసినవాడూ జాతకకథలో శక్రుడే. నేను 'మాది, మాది' అంటూ లెక్కపెట్టుకుంటున్న ఆస్తిలో ఈ మనిషి ఎక్కడున్నాడు? మనం ఆయనకు గుడి లేకుండా చేశాం, కథల్లో నవ్వులపాలు చేశాం, ఇప్పుడు పరాయి ఊళ్ళో కనబడితే బంధుత్వం కలుపుతున్నాం.

మరునాడు ఈ మాటే పీతో అంటే ఆవిడ నన్ను అక్కడా ఆగనివ్వలేదు. "ముద్రలన్నీ మా కోడిలాంటివి కావు" అంది. చియాంగ్ మై ముద్రలో తెల్ల ఏనుగు ఉంది కదా, అది ఆ నగరాధిపతి బాంకాకులోని రెండవ రామరాజుకు సమర్పించుకున్న ఏనుగు. ఉత్తరదేశపు గుర్తుగా ఉత్తరదేశం ఇచ్చిన కానుకనే గీశారు. దక్షిణాన మలయ్ ముస్లిములు ఎక్కువగా ఉండే పట్టానీ ముద్రలో ఫయా తానీ అనే ఫిరంగి. పద్దెనిమిదో శతాబ్దం చివర సయాం సైన్యం పట్టానీని గెలిచి ఆ ఫిరంగిని పట్టుకుపోయింది. ఇవాళ అది బాంకాకులో రక్షణశాఖ భవనం ముందు ఉంది. పట్టానీకి మిగిలింది బొమ్మ. గీసినవాళ్ళు గౌరవంగానే గీసి ఉండవచ్చు. కానీ పట్టానీలో ఒక పిల్లవాడు మన ఫిరంగి ఏదీ అని అడిగితే ఏం చెబుతారో నేను ఊహించలేకపోయాను. పటం ముందు నిలబడి అన్నాళ్ళు ఆటాడాను గాని ఆ ముద్ర దగ్గర నేనొక్కసారీ ఆగలేదు. అందులో నాకు తెలిసిన పేరేదీ లేదు మరి.

బయలుదేరే రోజు ఐదింటికల్లా పీ తల్లి నన్ను లేపింది. ఏ కోడీ కూయలేదు. ఆవిడ సెల్‌ఫోన్‌లో అలారం మోగింది. వాకిట్లో చిన్న బల్ల, దానిమీద ఉడుకు అన్నం, రెండు అరటిపళ్ళు. వీధి చివర కాషాయాలు కనబడుతున్నాయి. ఆవిడ అన్నం గిన్నె నా చేతిలో పెట్టి, నా కాళ్ళవైపు చూపించి ఏదో అంది.

"చెప్పులు విప్పమంటోంది" అని పీ లోపలినుంచి కేకేసింది.

విప్పాను.