పరదా ఇవతల కూసుంటే

మా అమ్మీ అరవై ఏండ్లు ఖవ్వాలీ విన్నది గానీ ఖవ్వాల్ మొహం చూడలేదు. చిన్నప్పుడు జాన్‌పహాడ్ ఉర్సుకు బండి కట్టుకొని పోయేటోళ్లట. అప్పుడది నల్లగొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. ఆడోళ్లంతా వెనక, పరదా చాటున. డోలక్ వినపడేది, చప్పట్లు వినపడేవి, ఎవరో హాల్ వచ్చి ఏడ్చేది వినపడేది. పాడేటోని చేయి ఎట్ల లేస్తదో, గొంతు అందుకొమ్మని పక్కోని దిక్కు ఎట్ల చూస్తడో ఆమెకు తెల్వదు. హైదరాబాద్ వచ్చినంక నాంపల్లి యూసుఫైన్ దర్గాకు జుమ్మేరాత్ నాడు పోయినా ఆమె కూసునేది వెనకనే. దర్గా అందరిదీ అని మేం అన్నదమ్ములిద్దరం హిందూ దోస్తుల ముందర గొప్పగ చెప్పుకుంటం. అమ్మీని అడిగి మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

అందుకే 2018 చలికాలంల నగరంలో ఒక పెద్ద హాల్లో ఖవ్వాలీ కచేరీ అనంగనే మూడు టికెట్లు కొన్నం. ముందు వరుస. ఖరీదు అమ్మీకి చెప్పలేదు. ఆమె పెట్టెలోంచి మంచి షాలు తీసుకున్నది. ఒక వంద నోటు కొంగున ముడేసుకున్నది. మంచి షేర్ పడితే లేచిపోయి నజరానా ఇయ్యాలని.

స్టేజి మీద థర్మోకోల్ చార్మినార్. యాంకరమ్మ నవాబుల వైభవమన్నది, మన ముస్లిం సోదరుల సంగీతమన్నది. మా తాత ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పూసేటోడు. నవాబుల కాలంల పూసిండు, 1948 పోలీస్ యాక్షన్ తర్వాతా పూసిండు. ఆ వైభవమేందో మా ఇంటి అడ్రసుకు రాలేదు. ఇంకో సంగతి. పద్మశ్రీ షేక్ నాజర్ బుర్రకథ చెప్తే, షేక్ చినమౌలానా గుళ్లల్ల నాదస్వరం ఊదితే, అది మీ సంగీతమని మాతో ఎవరూ అనలేదు. మాకు వేరే గోడకట్టి ఇచ్చింది ఖవ్వాలీ ఒక్కటే.

గంటసేపు ఉపన్యాసాలు, శాలువాలు. కప్పించుకున్నోళ్లు కప్పించుకొని పోయిండ్రు. అప్పుడు ఖవ్వాల్ హార్మోనియం ముందుకు జరిగి ఖౌల్ ఎత్తుకున్నడు. ఖౌల్ అంటే మాట. ఖవ్వాలీకి ఆ పేరు అందులోంచే వచ్చింది, మహఫిల్ చాలాచోట్ల దానితోనే మొదలైతది. అమ్మీ ముందుకు వంగి కూసున్నది.

ఖవ్వాలీ ఎట్ల నడుస్తదో కొంచెం చెప్పాలె. పాట వరుసగా ముందుకు పోదు. ఒక మిస్రా దగ్గర ఆగుతది. దాన్నే పది తీర్లు తిప్పుతరు, అది తక్రార్. నడుమ ఇంకో కవి షేర్ తెచ్చి ముడేస్తరు, అది గిరహ్. వినేటోడు ఎవరన్నా ఆ మాట మీద హాల్‌లకు పోతే, వాడు తేరుకునేదాక పాడేటోడు ఆ మాట విడువొద్దు. అంటే పాట ఎంతసేపన్నది వినేటోని చేతుల ఉంటది. 1971ల పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పాడిన ఊరు ఇది. ఈ సంగతి ఇక్కడ తెల్వనిది కాదు.

పది నిమిషాలన్నా అయిందో లేదో, పక్కనుంచి ఒక చీటీ వచ్చింది. ఖవ్వాల్ చదివి హార్మోనియం కిందికి నూకిండు. నవ్విండు. ఖౌల్ నడుమనే తెగింది, సినిమా పాట మొదలైంది. ఒకటి సగం, ఇంకోటి సగం. వెనకనుంచి ముందే రికార్డు చేసిన డ్రమ్ములు. డోలక్ కొట్టే పిల్లగాని చేతులు ఆడుతున్నయి గానీ చప్పుడు మాదాకా రాలేదు. ఆయన్ని తప్పుపట్టం. ఆయనకూ ఇల్లున్నది, కిరాయి ఉన్నది.

మా తప్పూ ఉన్నది. ఖౌల్ పాడుతున్నంతసేపు మా పత్రికాఫీసు దోస్తులు వెనక వరుసలకెల్లి ఏమన్నడు, ఏమన్నడు అని భుజం తట్టిండ్రు. మేం తెలుగు మీడియంల చదివినోళ్లం. ఇంట్ల మాట్లాడేది నక్కో, హౌ అనే దక్కనీ. అరబ్బీ, ఫార్సీ మాకెక్కడివి? తెల్వదంటే మేం తక్కువ ముస్లింలమైతమేమోనని, ఏది వచ్చినా దేవుని మీద ప్రేమ అని చెప్పినం. వాళ్లు తలలూపిండ్రు. అమ్మీ మా దిక్కు చూసి మొహం తిప్పుకున్నది.

సినిమా పాటల నడుమ ఒక్క షేర్ నిజంగ పడ్డది. అమ్మీ కొంగు ముడి విప్పుకుంటూ లేచింది. వాలంటీరు పిల్లగాడు అడ్డమొచ్చిండు. "అమ్మా, స్టేజి దగ్గరికి పర్మిషన్ లేదు. కూసోండి, వెనకోళ్లకు కనపడ్తలేదు." మర్యాదగనే చెప్పిండు. ఆమె కూసున్నది. ముడి మళ్లేసుకున్నది.

ఆటోల వస్తుంటే, "పరదా ఉన్నప్పుడే మంచిగ వినపడేది" అన్నది.

మాకు కోపమొచ్చింది. "అట్లనకు అమ్మీ. పరదా మంచిదంటవా?"

"పరదా మంచిదని ఎవరన్నరు బేటా? పాట మంచిదన్న."

మళ్లొచ్చిన జుమ్మేరాత్ నాంపల్లి పోయినం. అమ్మీ వెనక ఆడోళ్లల్ల కూసున్నది. ఖవ్వాల్ ఒక మిస్రా పట్టుకొని విడుస్తలేడు. కొంచెంసేపటికి ఎవరో పసిపిల్లతోటి అమ్మీ నోటు పంపింది, మడతలు పడి మెత్తబడ్డ అదే వంద నోటు. మేం లేచిపోయి పెట్టినం. ఖవ్వాల్ పాట ఆపకుండ నోటు అందుకొని, రొమ్ము మీద చెయ్యేసుకొని, మా మొహం దిక్కు చూసి సలాం చేసిండు.