కంపెనీ పేరు

మందమర్రిలో ఒకరి ఇల్లు వెతుక్కుంటూ వస్తే ముందు ఏ పేరుతో అడగాలో తెలిసి ఉండాలి. ఊళ్ళో పేరు చెబితే బొగ్గుబాయి దోస్తులకు తెలియదు. కంపెనీ పేరు చెబితే సొంత అత్తగారే తెల్లమొహం వేస్తుంది. ఇలా రెండు పేర్లతో బతికేవాళ్ళను సింగరేణి బొగ్గు గనుల్లో మారుపేర్ల కార్మికులంటారు. అన్న కాగితాలతో చేరిన తమ్ముళ్ళు, దిగిపోయే మామను తండ్రిగా రాయించుకుని నౌకరి ఎక్కిన అల్లుళ్ళు, వేరెవరి పేరు మీదో హాజరు మస్టర్ వేయించుకున్నవాళ్ళు. ఆధార్ లేని రోజులు. రిజిస్టర్లో ఏ పేరు పడితే మనిషి ఆ పేరైపోయేవాడు. ఊళ్ళో భూమి లేదు, ఉన్నా దొర కింద బతుకు. నెలనెలా జీతమిచ్చే పని దొరుకుతుంటే పేరు దగ్గర బెట్టు చేసేవాళ్ళెవరు?

పేర్ల సంగతికొస్తే కంపెనీ మాత్రం తక్కువ తిన్నదా? 1886లో ఇంగ్లండులో పుట్టినప్పుడు అది హైదరాబాద్ దక్కన్ కంపెనీ. సింగరేణి కాలరీస్ అయింది 1920 డిసెంబరు 23న. ఆ తేదీనే ఏటా సింగరేణి దినోత్సవమని జరుపుకుంటాం. మందమర్రి కూడా 2016 దాకా ఆదిలాబాద్ జిల్లా, ఆ ఏటి దసరా నుంచి మంచిర్యాల జిల్లా. వీటికి కాగితాలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి ఎవరూ అడగరు.

మాటా చేతా ఒకటిగా బతకాలని పెద్దలు చెబుతుంటే నాకు మా వెనక లైన్లో ఉండే కాక గుర్తొస్తాడు. కల్యాణిఖని బాయిలో టింబర్‌మన్‌గా చేసి దిగిపోయాడు. ఆయనదీ మారుపేరే. పని మాత్రం గని కప్పు కూలకుండా ఊతకర్రలు, అంటే టింబర్లు, నిలబెట్టడం. పేలుడు పెట్టి బొగ్గు దించాక పైన కొత్త కప్పు బయటపడుతుంది. దాన్ని కర్రతో కొట్టి వినాలి. ఖంగుమంటే రాయికి పట్టుంది. డొల్లగా పలికితే పొర విడిచిందన్నమాట. ఊగే పెళ్ళలను దూరం నుంచి గడ్డపారతో దించి, ఆ తర్వాతే టింబరు నిలబెట్టాలి. నిలబెట్టి, పైన చెక్క దూర్చి, సుత్తితో బిగించాలి. ఇక్కడే ఉంది కిటుకంతా. బిగువు లేని టింబరు కూడా చూపుకు నిలబడే ఉంటుంది. టోపీ దీపం వెలుగులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది పైనుంచి బరువు దిగినప్పుడే, అప్పటికి దాని కింద ఉండేది వేరే షిఫ్టువాళ్ళు.

సర్దార్ వచ్చి చూస్తాడు, ఓవర్‌మన్ చూస్తాడు, పుస్తకంలో సంతకాలు పడతాయి. ఇప్పుడు రూఫ్ బోల్టులూ వచ్చాయి. ఎన్ని వచ్చినా చివరి సుత్తి దెబ్బ వేశాడా లేదా అన్నది ఆ చీకట్లో వేసినవాడికే ఎరుక. కాకను ఒకసారి అడిగాను, ఎవరూ చూడనప్పుడు కూడా అంత బిగించేవాడివా అని. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. ‘‘బిగియకపోతే అది టింబరెట్లయితది బిడ్డా?’’ అన్నాడు.

పేరు ఖాయంగా తమదే అయినవాళ్ళనూ చూశాను. పుట్టిన తేదీ, తండ్రి పేరు, బడి సర్టిఫికెట్ అన్నీ సరిపోతాయి. మస్టర్ పడేసి ఎటో వెళ్ళిపోతారు. కాగితం మీద వాళ్ళంత నిజమైన మనుషులు లేరు. ఇద్దరిలో ఒకరి పక్కన పనిచెయ్యమంటే నేను కాక పెట్టిన టింబరు కిందే నిలబడతాను.

ఇక్కడితో ఆపేస్తే ఆయన్ని గొప్పవాణ్ణి చేసి చేతులు దులుపుకున్నట్టే. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు. కూతురి పెళ్ళి పత్రికలో అసలు పేరే వేయించాడు. బాయిలో పంచితే, ‘‘ఇది ఎవలింట్ల లగ్గం?’’ అని అడిగారట. అది నవ్వుకునే సంగతి. అన్నీ అలా ఉండవు. ఇక్కడ కార్మికుడు పని చేయలేక మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. కొడుకు సర్టిఫికెట్లో తండ్రిది ఒక పేరు, కంపెనీ రికార్డులో ఇంకొకటి. ఒకే కంచంలో తిన్నవాళ్ళు తండ్రీకొడుకులని రుజువు చేసుకోవాలి. విజిలెన్స్ విచారణ అంటారు, ఫైలు కదలదు. మనిషి పోతే భార్య తిప్పలు వేరు: ఊరి కాటికి వెళ్ళింది ఒకడు, పింఛన్ రావలసింది మరొకడి పేరు మీద. అబద్ధం ఆడిన రోజున లాభమూ భయమూ తండ్రివే. బాకీ మాత్రం ఆ అబద్ధంతో సంబంధం లేనివాళ్ళ మీద పడుతోంది. చేసిన పని ఎంత బిగువుగా ఉన్నా ఈ బాకీలో ఒక్క పైసా చెల్లదు. అలాగని ఆ మొదటి అబద్ధం ఆయన నిలబెట్టిన టింబర్లను వదులు చేయనూ లేదు. రెండూ ఒకే మనిషివి. ఆయన్ని ఏ గంపలో వెయ్యాలో నాకు తోచదు, తోచాలని పట్టుదలా లేదు.

మారుపేర్లను సొంత పేర్లుగా మార్పిస్తామన్న హామీ సింగరేణిలో పాతదే. గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికలొస్తే మళ్ళీ వినబడుతుంది. 2023 డిసెంబరు 27న ఎన్నికలు జరిగినప్పుడూ ఆ మాట ఉంది. మారుపేర్ల కార్మికులు చలిలో వరుస కట్టి తమ అసలు పేరు కోసం ఓటు వేసి వచ్చారు. జాబితాలో ఉన్న పేరుతోనే వేశారు మరి.