మా యాడి వేలి మీద సిరా

 కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది నందిగామ నియోజకవర్గంలో ఒక తండా. మా యాడి పుట్టిల్లు జగ్గయ్యపేట వైపు. 2014 సెప్టెంబరు 13న నాకు తొమ్మిదేళ్లు. ఆ రోజు మామ మా ఇంటికొచ్చాడు. యాడి వేలికి సిరా ఉంది, మామ వేలికి లేదు. "నువ్వు ఓటెయ్యలేదా మామా?" అంటే "మాకు లేవురా, మీకే" అన్నాడు. అదే జిల్లాలో ఒకళ్లకి ఓట్లుండి ఇంకొకళ్లకి లేకపోవడం ఏంటో నా బుర్రకెక్కలేదు.

అది ఉప ఎన్నిక. మేలో టీడీపీ నుంచి తంగిరాల ప్రభాకరరావు గారు ఐదు వేల పైచిలుకు మెజారిటీతో గెలిచి, జూన్‌లోనే చనిపోయారు. సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లోపు ఎన్నిక పెట్టాలని చట్టం. గడువు ఏడాది కంటే తక్కువ మిగిలితే మినహాయింపు ఉంది. ఆయన కూతురు సౌమ్య గారు నిలబడ్డారు. చనిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లు నిలబడితే పోటీ పెట్టకూడదన్న ఆనవాయితీ ప్రకారం వైసీపీ తప్పుకుంది. కాంగ్రెస్ మాత్రం పోటీ చేసింది. సౌమ్య గారికి 74,827 మెజారిటీ వచ్చింది.

ఇదంతా నేను కాలేజీకొచ్చాక చదివి తెలుసుకున్నది. నాకు గుర్తున్నది మామ మాట. "గెలిచేదెవరో ముందే తెలుసుగా. మిరప నాట్లు వదులుకుని, కూలి పోగొట్టుకుని ఎందుకెళ్లావే?" అన్నాడు. యాడి అంది: "లిస్టులో పేరుంది. ఎల్లకపోతే ఈసారికి తీసేస్తే?"

ఓటెయ్యకపోతే పేరు తియ్యరు. కానీ యాడి భయం ఉత్తదేం కాదు. మనవాళ్లు పనికి వలస పోతారు. సర్వేకొచ్చినవాళ్లకి ఇంటికి తాళం కనపడుతుంది, "ఇక్కడ ఉండట్లేదు" అని రాసుకుంటారు. అలా పేరు పోయినవాళ్లు మా తండాలోనే ఉన్నారు. సంతకం రాని మనిషికి ఆ లిస్టులో పేరే ఒక కాగితం, తను ఉన్నానని.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి, సిగ్గుగానే ఉంది. 2024 మే 13న హాస్టల్ సగం ఖాళీ. అందరూ ఓటుకి ఊళ్లకెళ్లారు. నేను వెళ్లలేదు, నాకు ఓటే లేదు. పద్దెనిమిది నిండినా ఫారం 6 నింపలేదు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని. పైగా "మనకేముంది అన్నా, నందిగామ ఎస్సీ సీటు, జగ్గయ్యపేట జనరల్, రాష్ట్రంలో ఎస్టీ సీట్లు ఏడూ ఏజెన్సీ వైపే" అని సీనియర్లతో పెద్ద రాజకీయం మాట్లాడేవాణ్ణి. ఆ సాయంత్రం యాడి ఫోన్ చేసి "ఏశావా?" అంది. "ఆఁ" అన్నాను. అబద్ధం.

ఎమ్మెల్యే సీటు ఖాళీ అయితే ఆరు నెలలు గడువు. నా ఓటు రెండేళ్లుగా ఖాళీగా ఉంది, అడిగే నాథుడు లేడు.

పోయిన వారం ఫారం తెచ్చుకున్నాను. హాస్టల్లో ఉండేవాళ్లు హాస్టల్ అడ్రసు మీదైనా, సొంతూరిలోనైనా నమోదవ్వొచ్చు, ఏదో ఒక్కచోటే. హాస్టల్ అడ్రసైతే కాలేజీ నుంచి బోనఫైడ్ కావాలి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ తేదీకి పద్దెనిమిది నిండినా అర్హతే. మా రూంమేట్లు ఇక్కడే పెట్టుకోమన్నారు, బస్సు ఛార్జీలు మిగులుతాయని. నేను తండా అడ్రసే రాశాను. డెబ్బై వేల మెజారిటీలో నా ఒక్క ఓటు కనపడదు గానీ, పంచాయతీలో మా వార్డు పది ఓట్లతో అటూ ఇటూ అవుతుంది.

ఇంట్లోవాళ్ల ఓటరు వివరాల గడిలో యాడి కార్డు నంబరు కావాలి. ఆదివారం ఫోన్ చేసి అడగాలి. ఎందుకని అడుగుతుంది. అప్పుడు మే 13 సంగతి కూడా చెప్పాలి.